నీరసం అన్న మాటకు రెండు పుస్తకాలు

"నీరసంగా ఉందండీ." మన ఊళ్ళలో డాక్టరు ముందు స్టూలు మీద కూర్చోగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట ఇదే. జ్వరాన్ని థర్మామీటరు చెబుతుంది, ఆయాసాన్ని స్టెతస్కోపు వింటుంది. నీరసాన్ని పట్టుకోవడానికి ఏ కొసా దొరకదు. రక్తం తగ్గినా నీరసమే, షుగరు పెరిగినా నీరసమే. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోయినా నీరసమే, కడుపులో ఎక్కడో కేన్సర్ మొదలైనా నీరసమే. నేను డాక్టర్ని కాను. మా పెద్దమ్మ జబ్బు వల్ల వైద్య పుస్తకాలు చదవడం మొదలుపెట్టినవాణ్ణి. అందుకే డేవిడ్ వెర్నర్ ‘వైద్యుడు లేని చోట’నూ, జాన్ మర్టా ‘జనరల్ ప్రాక్టీస్’నూ పక్కపక్కన పెట్టుకుని రెంటినీ ఈ ఒక్క మాటే అడిగాను.

రాసిన ఇద్దరూ ముందు పంతుళ్ళే. వెర్నర్ కాలిఫోర్నియాలో జీవశాస్త్రం చెప్పేవారు. పశ్చిమ మెక్సికోలోని సియెర్రా మాద్రే కొండ పల్లెల జనం కోసం 1973లో స్పానిష్‌లో ఈ పుస్తకం రాశారు. 1977లో ఇంగ్లీషులో వచ్చింది. తెలుగులోకి హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చింది. మర్టా సైన్సు పాఠాలు చెప్పి, ఆ తర్వాత వైద్యం చదివి, ఆస్ట్రేలియాలోని నీరిమ్ సౌత్ అనే చిన్న ఊళ్ళో భార్య జిల్‌తో కలిసి పదేళ్ళు ప్రాక్టీసు చేశారు. 1994లో వచ్చిన ఆయన పుస్తకం డాక్టర్ల కోసం రాసింది. వెయ్యి పేజీలు దాటుతుంది.

వెర్నర్ మొదలుపెట్టేది మనిషి నోటి మాట దగ్గర. మెక్సికో పల్లెల్లో ‘ఎంపాచో’, ‘సుస్తో’ అని జబ్బులకు పేర్లున్నాయి. ఒక్కో పేరు కింద నాలుగైదు వేర్వేరు జబ్బులు దాగి ఉంటాయని ఆయన ఓపిగ్గా విప్పి చూపిస్తారు. చదువుతుంటే మన ‘వేడి చేసింది’ గుర్తొస్తుంది. మూత్రం మంట, నోటి పూత, కళ్ళ ఎరుపు అన్నీ ఆ ఒక్క మాటలోకే వెళ్ళిపోతాయి కదా. జనం మాటను మూఢత్వమని తోసెయ్యకుండా, అక్కడి నుంచే రోగ నిర్ణయానికి దారి వెయ్యడం నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే గొప్పగా అనిపించింది. రక్తహీనత పేజీలో కనురెప్పల లోపలి భాగం, చిగుళ్ళు, గోళ్ళు పాలిపోయాయేమో చూడమంటారు. మట్టి తినాలనిపిస్తోందా అని అడగమంటారు. దీనికి ఏ ల్యాబూ అక్కర్లేదు. అరుదైన జబ్బుల పేర్లన్నీ ఆయన నేర్పరు. వాటి బదులు అపాయపు గుర్తుల జాబితా ఒకటిచ్చారు. తారులాంటి నల్లటి విరేచనం, రోజంతా మూత్రం రాకపోవడం, మెడ బిగుసుకుపోవడం లాంటివి కనిపిస్తే జబ్బు పేరు తెలియకపోయినా ఆస్పత్రికి బయల్దేరమంటారు.

మర్టా మొదలుపెట్టేది డాక్టరు సందేహం దగ్గర. ఏ బాధతో వచ్చినా అయిదు ప్రశ్నలు వేసుకోమంటారు. ఎక్కువగా అయ్యుండగలిగేది ఏది? వదిలేస్తే ప్రాణం మీదికొచ్చేది ఏది? డాక్టర్లు తరచూ పొరబడేది ఎక్కడ? వేషం మార్చుకుని వచ్చే ఏడింటిలో ఏదైనా కావచ్చా? ఈ మనిషి ఇంకేదో చెప్పాలనుకుంటోందా? డిప్రెషన్, షుగరు, వాడుతున్న మందులు, రక్తహీనత, థైరాయిడ్ వగైరా గ్రంథుల లోపాలు, వెన్నెముక ఇబ్బంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. ఆ ఏడు వేషధారులు ఇవి.

నీరసం దగ్గర మర్టా జాబితా తెరిస్తే మొదటి వరసలో మానసిక ఒత్తిడి, డిప్రెషన్, వైరస్ జ్వరాలు, నిద్రలేమి ఉంటాయి. రక్తహీనత నాలుగో ప్రశ్నలో, వేషధారుల మధ్య ఉంటుంది. నీరిమ్ సౌత్‌కి అది సరైన చోటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య మహిళల్లో 57 శాతానికి రక్తహీనత ఉన్న దేశంలో మాత్రం అది వేషం కాదు, ముందు చూడాల్సిన అసలు మొహం. ఎడతెగని దగ్గు విషయమూ అంతే. ఆస్ట్రేలియాలో టీబీ ‘మరిచిపోకూడని’ జబ్బు, మనకు రెండు వారాల దగ్గుకే గుర్తు రావలసిన జబ్బు. నడుం వంగక, మెడ తిరగక వచ్చిన నల్గొండ రైతుని చూసి, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందేమోనని అడగని డాక్టరు ఉంటే తప్పు పట్టాలి. కానీ ఆ ప్రశ్న మెల్‌బోర్న్ డాక్టరుకు తట్టదు. మామూలు జబ్బు, అరుదైన జబ్బు అని మనం గీసే గీత ఊరు మారితే జరిగిపోతుంది. ఈ రెండు పుస్తకాలనూ ఆ గీత దగ్గరే చూడాలి.

అక్కడ వెర్నర్ కూడా పొరబడ్డారు. బి12 విటమిన్ కావలసి వచ్చేది చాలా అరుదైన రక్తహీనతకని, ముప్ఫై అయిదు దాటిన, ఉత్తర ఐరోపా మూలాలున్న కొందరిలో తప్ప అది కనిపించదని, దాని మీద డబ్బు తగలెయ్యొద్దని మందుల పేజీల్లో రాశారు. ఎందుకు రాశారో అర్థమవుతుంది. ఏదో ఒక సూది వేస్తే తప్ప తృప్తిపడని జనం, ఆ తృప్తిని అమ్ముకునే వైద్యులు అక్కడా ఉన్నారు. మన ‘బలం సూది’ వ్యాపారం చూసినవాళ్ళకి ఆ కోపం న్యాయమే. కానీ ఆ వాక్యం మన దేశానికి నప్పదు.

మా పెద్దమ్మ గుడ్డు కూడా ముట్టని మనిషి. పన్నెండేళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది. నీరసమంటే ఒక ఆస్పత్రిలో ఐరన్ బిళ్ళలిచ్చారు. నాలుగు నెలలైనా రక్తం పెరగలేదు. కాళ్ళు తిమ్మిర్లంటే షుగరన్నారు, మతిమరుపంటే వయసన్నారు. నాలుక మండుతోందంటే కూరలో కారం ఎక్కువైందని ఇంట్లో మేమే అనుకున్నాం. "చెప్పు జారిపోయినా తెలీట్లేదురా" అని ఒకరోజు వీధి గుమ్మంలో నిలబడి చెప్పింది. ఆ తర్వాతే ఇంకో డాక్టరు బి12 పరీక్ష రాశారు. శాకాహారంలో బి12 దొరికేది పాలూ పెరుగుల్లోనే. ఏళ్ళ తరబడి వాడిన మెట్‌ఫార్మిన్ ఆ కాస్తనీ ఒంటికి సరిగా పట్టనివ్వదు. మర్టా వేషధారుల్లో షుగరు, మందులు, రక్తహీనత మూడూ ఆవిడ ఒక్క ఒంట్లోనే ఉన్నాయి. ‘ఈ మనిషి వేసుకునే మందే కారణమా?’ అని ఎవరైనా ఒక్కసారి అడిగి ఉంటే నాలుగు నెలలు పోయేవి కావు. నరాలు దెబ్బతినే జబ్బులో నాలుగు నెలలు తక్కువేమీ కాదు.

మర్టా ప్రశ్నల బలం అది. జాబితా మన ఊరిది కాకపోయినా ప్రశ్న పనిచేస్తుంది. మనసులోని బాధను బయటికి తెచ్చే అయిదో ప్రశ్న మరీ ముఖ్యం. మనసు జబ్బుల దగ్గర వెర్నర్ పెద్దగా ఆగలేదు. ఆ ఖాళీని 2003లో విక్రమ్ పటేల్ ‘సైకియాట్రిస్టు లేని చోట’ రాసి చాలావరకు పూడ్చారు.

అయితే మర్టా చెప్పే వైద్యం జరగాలంటే రక్త పరీక్షకు డబ్బుండాలి, అదే డాక్టరు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళగలగాలి. ఒక రోజు కూలి వదులుకుని బస్సెక్కి వచ్చిన మనిషికి ‘వచ్చే వారం చూద్దాం’ అనడం వైద్యం కాదు. ఆ మనిషి వచ్చిన దారి వెర్నర్‌కు తెలుసు. రాత్రి మంచం పక్కన కూర్చునేవాళ్ళ చేతిలో ఏ పుస్తకం పెట్టాలంటే, ఇప్పటికీ నేను ఆయనదే పెడతాను.

ఈ పుస్తకాన్ని ఎవరి ప్రాంతానికి తగినట్టు వాళ్ళు మార్చుకోవచ్చని వెర్నర్ అందులోనే రాశారు. ఆ మాట పట్టుకునే నా ప్రతిలో బి12 ఉన్న చోట పెన్సిలుతో రాసుకున్నాను: శాకాహారి, మెట్‌ఫార్మిన్, నాలుక మంట, చెప్పు జారినా తెలియకపోవడం.