పెన్సిలు కింద తేలిన అంకెలు

ముందు రైఫిల్ బోల్టు వెనక్కి లాగి, లోపల తూటా లేదని ఒకటికి మూడుసార్లు చూసుకున్నాం. ఆ లాగడంలోనే నా మనసు దానికి చిక్కింది. ముత్తాతల నాటి ఉక్కు. అయినా గరగర లేదు. నూనెలో జారినట్టు వచ్చి మెత్తగా ఆగింది.

సంగారెడ్డిలో మా మిత్రుడి తండ్రి పోయి నాలుగు రోజులైంది. ఆయనకు తన తండ్రి నుంచి వచ్చిన వేట రైఫిల్ ఇది. లైసెన్సుదారు పోయాక ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేసి, వారసుడు తన పేరిట దరఖాస్తు పెట్టుకోవాలి. తెల్లవారితే జమ. ఆ సాయంత్రం మా పనల్లా దాన్ని చదివి రాసిపెట్టడం.

గొట్టం మీద లండన్ రిగ్బీ కంపెనీ పేరు. పక్కన .275 అనే అంకె. మిత్రుడి కొడుకు, పటాన్‌చెరు పారిశ్రామికవాడలో టర్నరు, ఆ అంకెను 25.4తో హెచ్చవేసి కళ్లు పెద్దవి చేశాడు. "కాకా, ఇది సెవెన్ ఎమ్మెమ్!" నిజమే. జర్మనీ మౌజర్‌వారి 7 మిల్లీమీటర్ల తూటాకు రిగ్బీ 1907లో ఇంగ్లిషు అంగుళాల పేరు పెట్టుకుంది. నరభక్షక చంపావత్ పులిని కూల్చినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా దక్కింది కూడా ఈ రకం రైఫిలే. ఇంకాస్త కిందికి ఎన్‌పీ ముద్ర. పొగరాని మందు పేల్చి, గొట్టం తట్టుకుందని తేల్చుకున్నాకే ప్రూఫ్ హౌస్ వేసే ముద్ర అది.

అప్పుడు అబ్బాయి మరలు చూపించాడు. ప్రతి మర తల మీది గాడీ గొట్టం వెంబడే, ఒకే దిక్కుకు తిరిగి ఉంది. బిగింపు సరిగ్గా అక్కడే ముగిసేలా మరనూ చెక్కనూ జత చేశారన్నమాట. "మిషన్ పని కాదు కాకా, ఆకురాయి పని. చేతితోటి చేసిండ్రు." రోజంతా లేత్ ముందు నిలబడే పిల్లవాడి గొంతులో ఆ మాట నమస్కారంలా వినిపించింది. అక్రోటు చెక్క పిడి మీద వజ్రాల్లాంటి సన్నని గళ్లు. చెయ్యి పట్టే చోట మాత్రం అవి అరిగి నునుపెక్కాయి. ఆ నునుపును చెక్కింది లండన్ శిల్పి కాదు, ఈ ఇంటి పెద్దల అరచేయి.

ఆరో నిజాం కాలంలో రాజా దీన్‌దయాళ్ తీసిన వేట ఫొటోల్లో తుపాకీ వీరరసానికి గుర్తు. పక్కన కూలిన పులి ఉంటేనే ఆ బొమ్మ నిండేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఇదే జిల్లాలో మంజీరా మొసళ్లకు అభయారణ్యం దొరికింది. ఈ రైఫిల్‌కు ఎదుట ఇప్పుడు గురి లేదు. గురి తొలగాకే దాని అందం పూర్తిగా కంటికి ఆనింది. వీరంలో పుట్టిన వస్తువు శాంతంలో స్థిరపడటం నేను చూశాను. నా కళ్లు చెమర్చాయి.

గుర్తింపు అంకెల మీది తుప్పు పోగొడదామని ఎవరో ఎమెరీ కాగితం అందించబోతే మిత్రుడు చెయ్యి అడ్డుపెట్టాడు. ఆ అంకెలు చెరిపితే 1959 ఆయుధ చట్టం కింద నేరం. నా దృష్టిలో రసద్రోహం కూడా. చెక్కిన చేతినీ, మోసిన చేతినీ కలిపే దారం ఆ అంకెలే.

అబ్బాయి పల్చని కాగితం పరిచి, పెన్సిలు మొనను అడ్డంగా పెట్టి మెల్లగా రుద్దాడు. నల్లని మసకలోంచి తెల్లగా ఒక్కో అంకే తేలింది. మిత్రుడు తండ్రి లైసెన్సు పుస్తకం తెరిచాడు. సంగారెడ్డి ఇంకా మెదక్ జిల్లాకు కేంద్రంగా ఉన్న రోజుల ముద్ర దాని మీద. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి పైకి చదివాడు. కాగితంలో ఉన్నదీ, పుస్తకంలో ఉన్నదీ ఒకటే. చివరి అంకె దగ్గర, తండ్రి సంతకం పక్కన, అతని వేలు చాలాసేపు కదల్లేదు.