చిన్న చిప్ గెలుపు కథ: ఒక విమర్శనాత్మక పరిశీలన

రిస్క్, సిస్క్ అనే రెండు ప్రాసెసర్ పద్ధతుల గురించి గత భాగంలో తెలుసుకున్నారు. మొదటిది కొద్దిపాటి సరళమైన ఆదేశాలతో పనిచేస్తుంది. రెండోది ఒక్కో ఆదేశంతో ఎక్కువ పని చేయిస్తుంది. మొబైల్ ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్లు మొదటి కోవకు, చాలాకాలంగా డెస్క్‌టాప్ కంప్యూటర్లను ఏలిన ఎక్స్86 ప్రాసెసర్లు రెండో కోవకు చెందుతాయి. వీటి పోటీ గురించి తరచు వినిపించే వివరణ ఇది: "ఆర్మ్ ఆదేశాలు సరళమైనవి కాబట్టి విద్యుత్తు తక్కువ ఖర్చవుతుంది, అందుకే అది గెలిచింది." పరీక్షలో ఇలా రాస్తే కొన్ని మార్కులు రావచ్చు. కాని ఈ వివరణ ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిద్దాం.

1. వాదనలోని బలం

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌కు చెందిన ఏకార్న్ కంపెనీ తొలి ఆర్మ్ చిప్ 1985లో పనిచేసింది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ దాన్ని రూపొందించారు. అందులో సుమారు 25,000 ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ 80386లో 2,75,000 ఉన్నాయి. చిప్ చిన్నదైతే తయారీ ఖర్చు, వేడి రెండూ తగ్గుతాయి. ఇంతవరకు వాదన సరైనదే. అయితే ఒక విషయం గమనించండి. ఈ చిప్ ఫోన్ కోసం పుట్టలేదు. 1987లో వచ్చిన ఆర్కిమిడీస్ అనే డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో దాని తరువాతి రూపమైన ఆర్మ్2 పనిచేసింది.

2. వాదనలోని లోపం

1995లో వచ్చిన పెంటియం ప్రో మొదలుకొని ఇంటెల్ ప్రాసెసర్లు క్లిష్టమైన ఆదేశాలను లోపల చిన్న చిన్న పనులుగా విడగొట్టి నడిపిస్తున్నాయి. ఈ విడగొట్టే పనికి కొంత విద్యుత్తు ఖర్చవుతుంది. కాని కోట్ల ట్రాన్సిస్టర్లున్న చిప్‌లో ఆ వాటా పెద్దది కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో రెండు రకాల ప్రాసెసర్లను పోల్చి, విద్యుత్ ఖర్చులోని తేడాకు ఆదేశ సమితి ముఖ్య కారణం కాదని తేల్చారు.

ఇంటెల్ చరిత్రలోనే మరో సాక్ష్యం ఉంది. పెంటియం 4 తరహా చిప్‌లు వేడెక్కుతూ పోవడంతో ఆ కంపెనీ 2004లో ఆ దారి వదులుకుంది. 2006లో తెచ్చిన కోర్ ప్రాసెసర్లకు ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన పెంటియం ఎం ఆధారం. ఆదేశ సమితి అదే, విద్యుత్ ఖర్చు మాత్రం తగ్గింది. అంటే రూపకర్తలు దేన్ని లక్ష్యంగా పెట్టుకున్నారన్నదే ఇక్కడ ప్రధానం.

3. మరుగున పడిన కారణాలు

మొదటిది ధర. తొలి ఐఫోన్‌కు చిప్ ఇచ్చే అవకాశాన్ని ఇంటెల్ వదులుకుంది. ఆపిల్ ఇస్తానన్న ధర తమ అంచనా ఖర్చుకన్నా తక్కువగా ఉందనీ, ఆ అంచనాయే తప్పని తరువాత తేలిందనీ ఇంటెల్ అధిపతి పాల్ ఒటెలిని 2013లో చెప్పారు. విశేషమేమంటే, అప్పట్లో ఇంటెల్ చేతిలో ఆర్మ్ ఆధారిత ఎక్స్‌స్కేల్ చిప్‌లు కూడా ఉండేవి. ఆ వ్యాపారాన్ని 2006లో మార్వెల్‌కు అమ్మేసింది. తప్పింది లెక్క, ఆదేశ సమితి కాదు.

రెండోది సాఫ్ట్‌వేర్. 2012లో మైక్రోసాఫ్ట్ ఆర్మ్ చిప్‌పై విండోస్ ఆర్‌టీ తెచ్చింది. పాత డెస్క్‌టాప్ ప్రోగ్రాములు దానిపై నడవలేదు. మరుసటి ఏడాది సర్ఫేస్ ఆర్‌టీ నిల్వల కింద కంపెనీ 90 కోట్ల డాలర్ల నష్టం చూపించింది. 2020లో ఆపిల్ ఎం1 చిప్‌తో వచ్చినప్పుడు, పాత ప్రోగ్రాములను అనువదించి నడిపే రోసెట్టా 2ను జతచేసింది. తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ 5 నానోమీటర్ తయారీ పద్ధతి కూడా దానికి తోడైంది. రెండూ ఆర్మ్ చిప్‌లే. ఒకటి ఓడింది, మరొకటి నెగ్గింది.

4. ముగింపు

అలాగని ఆదేశ సమితికి విలువే లేదనడం కూడా పొరపాటే. ఆర్మ్ 64 బిట్ ఆదేశాలన్నీ ఒకే పొడవులో ఉంటాయి కాబట్టి ఒకేసారి ఎక్కువ ఆదేశాలను చదవడం సులువు. ఎం1కు ఈ మేలు దక్కింది. అయితే అనేక కారణాల్లో అది ఒకటి మాత్రమే.

ఈ విచక్షణ పరీక్షకే పరిమితం కాదు. రేపు మీ కార్యాలయానికి ఏ కంప్యూటర్ కొనాలని మిమ్మల్ని అడగవచ్చు. అప్పుడు చిప్ పేరు, బ్యాటరీ గంటలు చూసి తీర్పు చెప్పకండి. అక్కడ రోజూ వాడే ప్రోగ్రాములు దానిపై నడుస్తాయా అని ముందు అడగండి. విండోస్ ఆర్‌టీ కొన్నవారికి ఆ ప్రశ్న ఆలస్యంగా తట్టింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కోర్ ప్రాసెసర్ల ఉదాహరణ పై వాదనను ఎలా బలహీనపరుస్తుంది?
2. విండోస్ ఆర్‌టీ, ఎం1 ఫలితాల్లో తేడాకు కారణాలను మీ మాటల్లో విశ్లేషించండి.