చిటికెన వేలు ఆపిన కచేరీ

రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ మళ్లీ ఒకే వేదిక ఎక్కబోతోందన్న కబురు 2007లో పొక్కగానే టికెట్ల కోసం 2 కోట్ల దరఖాస్తులు వచ్చిపడ్డాయి. ఒక్క రాత్రి, ఒక్క హాలు, లండన్‌లోని ఓ2 అరీనా. లాటరీ తీసి టికెట్లు పంచారు. నవంబరు 26కి అంతా సిద్ధమనుకుంటుండగా గిటారిస్టు జిమ్మీ పేజ్ కిందపడి ఎడమ చేతి చిటికెన వేలు విరగ్గొట్టుకున్నాడు. కచేరీ డిసెంబరు 10కి వాయిదా పడింది.

చిటికెన వేలికే ఇంత హడావిడా అనిపిస్తుంది, వాళ్ల ‘స్టెయిర్‌వే టు హెవెన్’ పాట మొదటి వరుస వాయించి చూసేదాకా. అక్కడ కింది స్వరం ఒక్కో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) దిగుతూ వస్తుంటే, అదే సమయంలో పై స్వరం ఎక్కుతూ పోవాలి. నాలుగో తీగ మీద ఏడో ఫ్రెట్ నుంచి ఆరుకి, ఆరు నుంచి అయిదుకి దిగుడు. మొదటి తీగ మీద అయిదు నుంచి ఏడుకి, ఏడు నుంచి ఎనిమిదికి ఎక్కుడు. రెండూ చేయాల్సింది ఒకే చెయ్యి. చూపుడు వేలు అయిదో ఫ్రెట్ దగ్గర కాపలా ఉంటుంది కాబట్టి పైకి చాచి ఆ ఏడునీ ఎనిమిదినీ అందుకునే పని మామూలుగా చిటికెన వేలిదే. అది లేకపోతే పాట మొదలే కాదు.

ఆ పాటకు వేదిక మీద పేజ్ రెండు మెడల గిబ్సన్ గిటార్ తగిలించుకుంటాడు. ఒక మెడకు ఆరు తీగలు, ఇంకోదానికి పన్నెండు. చాలామంది దాన్ని ఆర్భాటం అనుకుంటారు. స్టూడియోలో ఆ పాటకు వేర్వేరు గిటార్లు వాడి, ఒకదాని మీద ఒకటి రికార్డు చేశారు. జనం ముందు ఉన్నది ఒక్క మనిషి. పాట మధ్యలో గిటార్ మార్చుకునే వ్యవధి లేదు గనక చెయ్యి ఒక మెడ మీంచి ఇంకో మెడ మీదికి దూకుతుంది.

నొప్పి మాత్రలు మింగి నెట్టుకురావచ్చు కదా అనొచ్చు. అలా నెట్టుకొచ్చిన అనుభవం వీళ్లకు ఉంది. 1985 జులై 13న ఫిలడెల్ఫియా ‘లైవ్ ఎయిడ్’ విరాళ కచేరీలో సరైన సాధన లేకుండా ఎక్కారు. గిటార్ శ్రుతి తప్పింది, గాయకుడు రాబర్ట్ ప్లాంట్ గొంతు బొంగురుపోయింది. 2004లో ఆ కచేరీల డీవీడీ వేస్తున్నప్పుడు తమ భాగం అందులో పెట్టొద్దన్నారు. అలా చేతులు కాల్చుకున్నవాళ్లు రెండు వారాలు ఆగడానికి వెనకాడలేదు. వేలికి కట్టుతో ఆగిన ఆ రెండు వారాలనీ నేను వాళ్ల సాధనలోనే లెక్కేస్తాను.

ఆ రాత్రి ఎలా వాయించారో 2012లో విడుదలైన ‘సెలబ్రేషన్ డే’ సినిమాలో చూడొచ్చు. మొత్తం 16 పాటలు. మొదటిదే ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’, 1969లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్‌లో తొలి పాట. డ్రమ్మర్‌కు అంత కఠినమైన పరీక్ష ఇంకోటి ఉండదు. కాలి కింద డ్రమ్‌ను ఒకే పెడల్‌తో, ఒకే పాదంతో, గుక్క తిప్పుకోకుండా వరసగా కొట్టాలి. రికార్డులో ఆ పాటను అలా వాయించిన బృందం డ్రమ్మర్ జాన్ బోనమ్ 1980లో, 32వ ఏట పోయాడు. అప్పటికి 14 ఏళ్ల కొడుకు జేసన్ ఇప్పుడు తండ్రి స్టూలు మీద కూర్చున్నాడు. మెల్లగా వేడెక్కే పాట ఒకటి ముందు పెట్టుకుని ఉండొచ్చు. పెట్టుకోలేదు.

బేస్, కీబోర్డు వాయించే జాన్ పాల్ జోన్స్ పనితనం కళ్లకు ఆనదు. కెమెరా కిందికి దిగినప్పుడు పట్టుకోండి. చేతులు కీబోర్డు మీద ఉంటాయి, బేస్ స్వరాలు పాదాలతో పెడల్స్ మీద పలుకుతుంటాయి. బయటి వాద్యకారులెవరూ లేకుండా నలుగురితోనే హాలు నిండడానికి ఆ పాదాలే కారణం. 59 ఏళ్ల ప్లాంట్ కోసం కొన్ని పాటల శ్రుతి దించారు. మన కచేరీల్లో పెద్ద విద్వాంసులు చేసేదే, ఎవరూ నామోషీగా అనుకోరు. రాక్‌లోనే దాన్ని లోటు కింద లెక్కేస్తారు, అదేమిటో!

ఇక ‘కశ్మీర్’. పాట పుట్టింది కశ్మీర్‌లో కాదు, మొరాకో ఎడారి దారిలో ప్లాంట్‌కు మాటలు తట్టాయి. చేత్తో తాళం వేస్తూ వినండి. డ్రమ్స్ నాలుగు చొప్పున నడుస్తాయి, గిటార్ మూడు చొప్పున. చతురశ్రం మీద తిశ్రం. పన్నెండో దెబ్బ దాటాక రెండూ ఒకచోట పడతాయి, మళ్లీ విడిపోతాయి. జేసన్ ఆ నాలుగును అటూ ఇటూ కదలనివ్వడు. పైన గిటార్ ఎంత తిరిగినా కింద నేల గట్టిగా ఉంటుంది.

ఇంత కుదిరాక టూర్ ఖాయమని లోకమంతా అనుకుంది. ప్లాంట్ మాత్రం అప్పటికే గాయని అలిసన్ క్రౌస్‌తో చేసిన పాటలతో ఊళ్లు తిరుగుతున్నాడు, 2008 సెప్టెంబరులో రానని తేల్చి చెప్పేశాడు. అభిమానిగా నాకు ఉక్రోషమే. ఒక్క రాత్రి కోసం అన్ని రోజులు సాధన చేసి వాయించినదాన్ని వారానికి మూడు ఊళ్ల చొప్పున వాయిస్తే ఆ కాలి దెబ్బ, ఆ గొంతు, 63 దాటిన పేజ్ వేళ్లు ఎన్నాళ్లు నిలిచేవో ప్లాంట్‌కే బాగా తెలిసి ఉంటుంది. మిగతా ముగ్గురూ వేరే గాయకులను పిలిపించుకుని కొన్నాళ్లు రిహార్సల్స్ చేశారు. 2009 మొదట్లో అదీ మానుకున్నారు.