మాడ వీధి ఎవరిది?

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో పేరున్న గుడి ఏదైనా సరే, దాని చుట్టూ మాడ వీధులుంటాయి. కాణిపాకంలో ఉన్నాయి, తిరుచానూరులో ఉన్నాయి, తిరుపతి గోవిందరాజస్వామి గుడికీ, శ్రీకాళహస్తికీ ఉన్నాయి. తిరుమల సంగతి సరేసరి. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని దిక్కు పేరు ముందు చేర్చుకోవడమే గానీ అన్నిటికీ పేరొకటే, పనీ ఒకటే. ఉత్సవమూర్తి గుడి బయటికొచ్చి, నాలుగు వీధులూ ప్రదక్షిణంగా తిరిగి మళ్లీ లోపలికి వెళ్లే దారి అది. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న ఈ వీధులు మన కళ్లముందే ఒకదానికొకటి పోలిక లేకుండా పోతున్నాయి. కాణిపాకంలో మాడ వీధి ఇంకా వీధిగానే ఉంది. తిరుమలలో అది మైదానమైంది. కాణిపాకం ఆ బాట పట్టకూడదన్నది నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు తిరుమల నుంచే మొదలుపెట్టాలి.

తిరుమల మాడ వీధుల్లో ఒకప్పుడు అర్చకుల ఇళ్లుండేవి, మఠాలుండేవి, అంగళ్లుండేవి. భక్తుల రద్దీ పెరిగేకొద్దీ మాస్టర్ ప్లాన్ పేరిట దశలవారీగా వాటిని తొలగించారు. మహాద్వారం ఎదుట ఉన్న వేయికాళ్ల మండపాన్ని 2003లో విప్పేశారు. ఇప్పుడు వీధికి ఇరువైపులా మెట్లు మెట్లుగా గ్యాలరీలు, ఇనుప కంచెలు, లోపలికి రావడానికొక గేటు, పోవడానికొక గేటు. బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు రాత్రి గరుడ సేవకు ఈ గ్యాలరీల్లో దాదాపు 2 లక్షల మంది కూర్చుంటారు. ప్రపంచంలోకెల్లా పెద్దదైన అహ్మదాబాద్ మొతేరా క్రికెట్ స్టేడియంలో పట్టేది 1,32,000 మంది. అంటే ఆ రాత్రి తిరుమల మాడ వీధుల్లో మొతేరా నిండిపోగా ఇంకా సగం మొతేరాకు సరిపడా జనం ఉంటారన్నమాట. ఇదేమీ చిన్న పని కాదు. పొద్దున్నే వచ్చి కూర్చున్నవాళ్లకు అన్నప్రసాదం, మజ్జిగ, నీళ్లు గ్యాలరీల దగ్గరికే వస్తాయి. ఎక్కడో శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన ముసలమ్మకు కూర్చున్నచోటి నుంచే గరుడుడి మీద స్వామి కనిపిస్తాడు. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నాకు చేతకాదు.

కానీ ఆ ముసలమ్మ అక్కడ ప్రేక్షకురాలు. వాహనం వస్తుంది, చేతులెత్తుతుంది, వాహనం పోతుంది. ఆమె స్వామికి తన ఇంటి గడప ముందు హారతి పట్టడం లేదు, ఆమె ముగ్గు మీదుగా స్వామి పోవడం లేదు. ఆ వీధిలో గడపలే లేవు కదా.

కాణిపాకంలో వినాయక చవితితో మొదలయ్యే ఉత్సవాలు 21 రోజులు సాగుతాయి. హంస, నెమలి, మూషికం, శేషుడు, వృషభం, గజం, అశ్వం, మధ్యలో తేరు, చివరికి కోనేట్లో తెప్ప. వీటిలో ఏదో ఒక రాత్రి వాహనం మూల తిరిగేటప్పుడు దగ్గర నిలబడి చూడాలి. మొదట మేళం వినిపిస్తుంది, ఆ వెనక పలకల మోత. వీధిలో అప్పటికే నీళ్లు చల్లి ఉంటారు. మూల దగ్గర మోసేవాళ్లు ఒక్కసారి ఆగుతారు, బరువు ఈ భుజం నుంచి ఆ భుజానికి మారుతుంది. లోపలి వరసవాళ్లు అడుగు బిగబట్టి, బయటి వరసవాళ్లు పెద్ద పెద్ద అడుగులేసి వాహనాన్ని చుట్టూ తిప్పుతారు. ఆ తిప్పడంలో పందిరి గుంజకు తగులుతుందేమోనని ఎవరో ఒకరు కేకేస్తూనే ఉంటారు. అంగడివాడు గల్లాపెట్టె వదిలి కర్పూరం బిళ్లతో బయటికొస్తాడు. పళ్లెం పట్టుకుని గడపలో నిల్చున్నామె దగ్గరికి అర్చకుడే వంగి టెంకాయ అందుకుంటాడు. ఇక్కడ స్వామి ఆగుతాడు. ఎక్కడ ఆగాలన్నది వీధిలో ఉన్నవాళ్ల మొక్కును బట్టి ఉంటుంది.

దీనికి మూలం ఉభయంలో ఉంది. కాణిపాకంలో ఫలానా రోజు వాహన సేవ ఫలానా వారి ఉభయం అని ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తరతరాలుగా ఆ సేవ బాధ్యత మోస్తున్నారు. పూలూ మేళమూ నైవేద్యమూ వాళ్లవి, ఆ రాత్రి ముందు నడిచే మర్యాద కూడా వాళ్లదే. మా ఉభయం రోజు అని చెప్పుకోవడంలో ఎంత గర్వం ఉంటుందో ఈ వైపు పల్లెల్లో తిరిగినవాళ్లకు తెలుసు. బెంగుళూరులో ఉద్యోగం చేసే కొడుకు చవితికి రాకపోయినా ఊరుకుంటారేమో గానీ ఉభయానికి రాకపోతే ఊరుకోరు. స్వామి వెలిసిన కథ కూడా ఇలాంటి ఊరి కథే. గుడ్డి, మూగ, చెవిటి అయిన ముగ్గురు అన్నదమ్ములు బావి తవ్వుతుంటే పార తగిలి నీళ్లు ఎర్రబారాయని, ఊరివాళ్లు కొట్టిన టెంకాయల నీళ్లు కాణి నేల మేర పారాయని చెబుతారు. ఇందులో రాజు లేడు. కుళోత్తుంగ చోళుడు గుడి కట్టించాడంటారు గానీ, స్వామిని మొదట చూసింది సేద్యగాళ్లు. మాడ వీధిలో ఈనాటికీ ముందు నడుస్తున్నదీ ఆ కోవవాళ్లే.

దీనికి ఎదురుమాట లేకపోలేదు. ఉభయదారుల మర్యాదలు ఉభయదారులకే. బస్సు దిగి వచ్చిన బయటి ఊరివాడు ఎవరి భుజాల మీదుగానో తొంగిచూడాలి. చవితినాడూ తేరునాడూ ఇరుకు వీధిలో ఆడవాళ్లు, పిల్లలు నలిగిపోతారు. 2022 ఆగస్టులో కొత్త గుడికి మహాకుంభాభిషేకం జరిగాక జనం ఇంకా పెరిగారు. కాబట్టి వీధులు వెడల్పు చేయాలి, వరసగా గ్యాలరీలు కట్టాలి అనే మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మాట సబబుగానే వినిపిస్తుంది. అందుకే దాన్ని జాగ్రత్తగా చూడాలి.

గుంపు ప్రాణం మీదికి ఎక్కడ వస్తుందో 2025లో మనం రెండుసార్లు చూశాం. జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లను బైరాగిపట్టెడ దగ్గర పార్కులో ఉంచి, తర్వాత గేటు తెరిచినప్పుడు తొక్కిసలాట జరిగింది, ఆ రాత్రి తిరుపతిలో మొత్తం ఆరుగురు చనిపోయారు. జూన్ 3న మొతేరాలో ఐపీఎల్ ఫైనల్ సజావుగా ముగిసింది. మర్నాడు బెంగుళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల బయట, గెలిచిన జట్టును చూడాలని వచ్చినవాళ్లలో 11 మంది చనిపోయారు. ఒకరు దేవుడి కోసం వచ్చారు, ఒకరు ఆటగాళ్ల కోసం వచ్చారు. రెండు చోట్లా ప్రాణాల మీదికి వచ్చింది గేటు దగ్గరే. లోపల ఏదో ఉంది, అది కొందరికే దొరుకుతుంది, తలుపు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. ఈ మూడూ కలిసినచోట జనం ఒత్తుకుంటారు. మాడ వీధి ఏర్పాటు దీనికి తలకిందులు. అక్కడ చూడాల్సింది లోపల కూర్చోదు, బయటికొచ్చి జనం దగ్గరికి నడుస్తుంది. తూర్పు వీధిలో ఇరుకైతే దక్షిణ వీధికి పోవచ్చు, అక్కడికీ అదే స్వామి వస్తాడు. గ్యాలరీ కట్టి గేటు పెట్టిన రోజున వీధి ఆ గుణాన్ని పోగొట్టుకుంటుంది. తిరుమలలో అది నిభాయించుకుంటున్నారంటే దాని వెనక వేల మంది సిబ్బంది, శ్రీవారి సేవకులు, పోలీసులు ఉన్నారు. ఐరాల మండలంలోని ఒక పల్లెకు అంత బలగం ఏడాదికొకసారి ఎక్కడి నుంచి వస్తుంది?

పెద్ద ఊరైతే వీధిని వీధిగా ఉంచడం కుదరదంటారా? తిరుపతి గోవిందరాజస్వామిని చూడండి. కర్నాల వీధి, బేరి వీధి, గాంధీ రోడ్డు ఆయన ఊరేగింపు దారి. మామూలు రోజున అక్కడ ఇత్తడి సామాన్లు, బట్టలు, పూలు, ఆటోలు, నడవడానికే సందుండదు. తేరు రోజు ఆ అంగళ్లవాళ్లే చాపలు చుట్టి, తాడు పట్టుకునేవాళ్లకు నీళ్లిస్తారు. మిద్దెల మీద నుంచి తేరు మీదికి ఉప్పు, మిరియాలు పడతాయి. గాంధీ పేరున్న రోడ్లు దేశమంతా ఉన్నాయి. విజయవాడలో బందరు రోడ్డుకు అధికారిక పేరు మహాత్మా గాంధీ రోడ్డే. ఇందిరా గాంధీ స్టేడియం దాని మీదే ఉంది, 2002 నవంబరు 24న భారత్, వెస్టిండీస్ జట్ల వన్డే అక్కడే జరిగింది. బెంగుళూరు ఎంజీ రోడ్డు ఒకప్పటి సౌత్ పరేడ్. ఒక పక్క పరేడ్ మైదానం, చివర్లో చిన్నస్వామి స్టేడియం. ఈ మూడు గాంధీ రోడ్లలో విజయవాడ, బెంగుళూరువి స్టేడియాల దాకా తీసుకుపోయి వదిలేస్తాయి, ఆపైన గేటు దాటాలి. తిరుపతిది మాత్రం ఏడాదిలో కొన్ని రోజులు తానే ఉత్సవం జరిగే చోటవుతుంది. ఊరి నడిబొడ్డున, వ్యాపారం ఆగకుండా, ఇళ్లు కూల్చకుండా. కాణిపాకానికి పాఠం కావాలంటే కొండ మీదికి ఎక్కనక్కర్లేదు, కొండ కిందే ఉంది.

తిరుచానూరు ఈ రెంటికీ నడుమ ఉంది. పంచమీ తీర్థం నాడు తిరుమల నుంచి అమ్మవారికి సారె వస్తుంది. పసుపు, కుంకుమ, చీర ఏనుగు మీద పెట్టుకుని తిరుపతి వీధులగుండా ఊరేగింపుగా తెస్తారు. ఆ రోజు పుష్కరిణి చుట్టూ కట్టుదిట్టాలు తప్పవు, అందరూ ఒకే గడియలో మునగాలనుకుంటారు కాబట్టి. అది నాలుగు వీధుల్లో విడిపోయే జనం కాదు, ఒక్క కోనేటికి చేరే జనం. అక్కడి పద్ధతిని మాడ వీధికి తెచ్చి అంటించడం పొరపాటు. మద్రాసు మైలాపూరు కపాలీశ్వరుడి మాడ వీధుల్లో ఇంతకన్నా ఎక్కువ ఇరుకున అరవై ముగ్గురు నాయన్మార్లను ఏటా ఊరేగిస్తున్నారు. అక్కడా ఇళ్లున్నాయి, అంగళ్లున్నాయి.

కాణిపాకంలో చేయాల్సినవి వేరే ఉన్నాయి. చిత్తూరు వైపు నుంచి వచ్చే బస్సులను, కార్లను ఉత్సవాల 21 రోజులూ ఊరి బయటే ఆపాలి. నాలుగు మూలల్లో అంగళ్ల పందిళ్లు ముందుకు రాకుండా గీత గీసి, వాహనం తిరగడానికి చోటు వదలాలి. ఏ రోజు ఏ వాహనం, ఎవరి ఉభయం, ఏ మూలకు ఎన్నింటికి వస్తుందో తెలుగులో, తమిళంలో, కన్నడంలో పెద్ద అక్షరాలతో రాసి పెడితే బయటి ఊరివాడు తూర్పు వీధిలోనే గుమిగూడడు, పడమటి వీధికి పోయి నిదానంగా నిలబడతాడు. ఏ వీధిలోనైనా ముందు వరస పిల్లలకూ ముసలివాళ్లకూ అని ఉభయదారులే మాటగా పెట్టుకుంటే దానికి కంచె అక్కర్లేదు. వెడల్పు చేయక తప్పని చోట చేయండి గానీ, వీధిలో ఉన్న ఇంటివాళ్లను అక్కడే ఉండనివ్వండి, వెనక్కి జరిపినా ఇల్లు వీధి ముఖానే కట్టుకోనివ్వండి.