మధ్యవర్తి పూచీ

రాజకీయ తగాదాలలో మతపెద్దల పాత్రను గురించి వెలువడే వ్యాసాలు చాలావరకు ఒకే దారిన నడుస్తాయి. ఒక మహనీయుడు వచ్చాడు, ఒక మాట చెప్పాడు, ఆందోళన ఆగింది. అంతటితో కథ కంచికి చేరుతుంది. తగాదా ఆగడం వేరు, తీరడం వేరు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరమున్నదో తెలుసుకోవడానికి నెల్లూరు తీరవాసులు ఎక్కడికో పోనక్కరలేదు. 2008 నుండి వారి జిల్లా పేరులోనే ఆ చరిత్ర ఉన్నది.

1946లో పొట్టి శ్రీరాములు గారు నెల్లూరు మూలాపేటలోని వేణుగోపాలస్వామి ఆలయంలోనికి, ఆనాటి మాటలో చెప్పాలంటే, హరిజనులకు ప్రవేశం కల్పించాలని నిరాహారదీక్ష పూనారు. తలుపులు తెరచుకున్నాయి. అక్కడ అడిగినది ఒక్కటే. ఇవ్వగలవారు ఎదుటనే ఉన్నారు. ఇచ్చారో లేదో ఊరివారంతా కళ్ళారా చూడగలరు.

ఆంధ్ర రాష్ట్ర సమస్య అటువంటిది కాదు. మద్రాసు నగరంపై హక్కు వదులుకుంటే రాష్ట్రం ఏర్పడవచ్చునని 1949లో జవహర్‌లాల్, వల్లభ్‌భాయి, పట్టాభిల సంఘం చెప్పింది. వదులుకోవడానికి ఆంధ్ర నాయకులలో అనేకులు సమ్మతించలేదు. ఈ చిక్కు మధ్యలో గాంధేయ సాధువు స్వామి సీతారాం (గొల్లపూడి సీతారామశాస్త్రి) 1951 ఆగస్టులో దీక్షకు కూర్చున్నారు. ఐదు వారాలు గడిచాయి. అప్పుడు వినోబా భావే గారు విరమించమని కోరారు, స్వామి విరమించారు. ఆ సంవత్సరమే తెలంగాణా పల్లెలలో కాలినడకన తిరిగి సుమారు 12,000 ఎకరాలు దానంగా పొందిన వినోబా మాటకు ఆనాడు ఉన్న బరువు తక్కువది కాదు. అరబీ నేర్చి ఖుర్‌ఆన్ చదివి, దాని నుండి సంకలనం కూడా కూర్చిన మనిషి ఆయన. ఆయన చిత్తశుద్ధిని శంకించడానికి ఎవరికీ హక్కు లేదు.

కాని విమర్శ చిత్తశుద్ధిని గురించి కాదు. రాష్ట్రం ఏ తేదీకి, ఏ హద్దులతో, మద్రాసు సంగతి తేల్చేది ఎవరు అన్న ప్రశ్నలలో ఒక్కదానికైనా ఆ రాజీ వలన జవాబు రాలేదు. స్వామి ప్రాణం దక్కింది, సమస్య ఉన్నచోటనే ఉండిపోయింది. పదమూడు నెలల తరువాత, 1952 అక్టోబరు 19న, శ్రీరాములు గారు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట దీక్ష మొదలుపెట్టారు. ఈసారి ఎవరి మాటా ఆ దీక్షను ఆపలేకపోయింది. 58వ రోజున, డిసెంబరు 15న, ఆయన మరణించారు. నెల్లూరు మొదలు కోస్తా పట్టణాలలో అలజడి చెలరేగింది, పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. డిసెంబరు 19న నెహ్రూ గారు రాష్ట్రాన్ని ప్రకటించారు. 1951లో సాధువుల మాట మీద ఖర్చయిపోయిన నమ్మకమే 1952లో కరువైందని అనుకుంటే తప్పు కాదేమో. ప్రాణం పోయేవరకు ఉపవసించడాన్ని ఇస్లాం అనుమతించదు; మన ఉపవాసానికి మగ్రిబ్ అనే హద్దు ఉన్నది. అయితే దీక్ష మంచిచెడ్డలు వేరు, దానిని ఆపించినవారి బాధ్యత వేరు.

ఈ బాధ్యతను దివ్య ఖుర్‌ఆన్ ‘హుజురాత్’ సూరా తొమ్మిదవ ఆయత్‌లో మెట్లుమెట్లుగా చూడవచ్చు. విశ్వాసులలో రెండు వర్గాలు పోరాడితే సంధి చేయాలన్నది మొదటి మెట్టు. మన ఉపన్యాసకులు తరచు ఇక్కడనే ఆగిపోతారు. కాని ఒక వర్గం మితిమీరితే అది దారికి వచ్చేవరకు ఎదిరించాలనీ, వచ్చిన తరువాత మళ్ళీ న్యాయంతో సంధి చేయాలనీ ఆ ఆయత్ ముందుకు సాగుతుంది. అంటే మధ్యవర్తి పని మాట ఇప్పించడంతో ముగియదు. మాట తప్పినవారికి ఎదురు నిలవడం కూడా ఆయన పనే.

హుదైబియా (628) ఇందుకు సాక్ష్యం. షరతులు వ్రాతలో పెట్టారు, ఇరుపక్షాల సాక్షులు నిలిచారు. ముస్లిములు ఆ ఏడు వెనుదిరగాలి, మరుసటి ఏడు మూడు రోజులకు మక్కా రావాలి. పత్రం ముగియకముందే ఖురైష్ ప్రతినిధి సుహైల్ కుమారుడు అబూ జందల్ సంకెళ్ళతో వచ్చి శరణు కోరితే, దైవప్రవక్త (స) గుండె రాయి చేసుకొని షరతు ప్రకారం తిరిగి అప్పగించారు. మరుసటి ఏడు ఉమ్రా నెరవేరింది. తరువాత ఖురైష్ మిత్రులు ఖుజాఆ తెగపై పడినప్పుడు ఉల్లంఘనను ఉల్లంఘన అని చెప్పడానికి పత్రం చేతిలో ఉన్నది.

నెల్లూరులో మొహర్రం దినాలలో స్వర్ణాల చెరువు వద్ద కోరికతో రొట్టె పుచ్చుకున్నవారు, అది తీరితే మరుసటి ఏడు రొట్టె తెచ్చి ఇచ్చిపోతారు. ఆ ఆచారంపై ధర్మవేత్తల అభ్యంతరాలు అటుంచితే, మళ్ళీ రావాలన్న స్పృహ అక్కడ ఉన్నది. పండుగలకు ముందు అధికారులు పిలిచే శాంతి సంఘాలలో ఇమాం, పూజారి, పాదిరి ఒకే వేదికపై కూర్చుని ఫోటో దిగి వెళ్ళిపోతారు. నెల తరువాత తిరిగి వచ్చి ఏమి జరిగిందని అడిగేవారు అరుదు.

అధికారం లేని సాధువు ప్రభుత్వం చేత ఏమి వ్రాయించగలడని వినోబా పక్షాన వాదించవచ్చు. 1948 జనవరిలో గాంధీజీకి కూడా ఏ పదవీ లేదు. ఢిల్లీలో ముస్లిముల రక్షణకై 13న మొదలుపెట్టిన నిరాహారాన్ని ఆయన ఉత్త మాట మీద విరమించలేదు. ఆక్రమించిన మసీదులు తిరిగి ఇవ్వాలి, సబ్జీమండీ, కరోల్‌బాగ్, పహాడ్‌గంజ్‌లలో ముస్లిములు నిర్భయంగా తిరగాలి, మెహ్రౌలీలో ఖ్వాజా కుత్బుద్దీన్ ఉర్సు యథాప్రకారం జరగాలి అని పేరుపేరునా వ్రాసి, అన్ని మతాల ప్రతినిధులు ఒప్పుకొని సంతకాలు చేసిన తరువాతనే 18న మౌలానా ఆజాద్ చేతి పండ్లరసం పుచ్చుకున్నారు. ప్రతి షరతూ నెరవేరిందని ఎవరూ అనరు; ఏది నెరవేరలేదో చూపడానికి కాగితమైతే మిగిలింది. తొమ్మిది రోజుల తరువాత, 27న, నీరసం తీరని దేహంతోనే ఆయన మెహ్రౌలీ వెళ్ళారు, ఉర్సు జరుగుతున్నదో లేదో చూడడానికి.