అతుకుల బొంతను చదవటం ఎలా? జీస్ బెండ్ స్త్రీల కుట్టుపని – ఒక విమర్శ

ఒక కావ్యానికో నవలకో పొందిక కుదరలేదని చెప్పదలచుకున్నప్పుడు మన విమర్శకులు చటుక్కున అనే మాట ‘అతుకుల బొంత’. ఈ కోర్సులో మీరు చదివిన వ్యాసాలలో కూడా ఆ మాట ఒకటి రెండుసార్లు తగిలే ఉంటుంది. ఆ మాట అన్నవాళ్ళలో ఎందరు ఒక బొంతను నేలమీద పరిచి తీరిగ్గా చూసి ఉంటారన్నది నా సందేహం. చూసి ఉంటే దాన్ని నిందగా వాడటానికి కొంత వెనకాడేవారు.

అందుకని ఈ భాగంలో నిజమైన బొంతలనే విమర్శకు తీసుకుందాం. అవి మన ఊళ్ళవి కావు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు కుట్టినవి. వాళ్ళు వాటిని క్విల్టులంటారు. ఇంట్లో కప్పుకోవటానికి కుట్టినవి, దుకాణాల ఆర్డర్ల మీద కుట్టినవి, మ్యూజియం గోడలకెక్కినవి, ఈ మధ్య వాళ్ళే సొంతంగా అంగడి పెట్టి అమ్ముతున్నవి – ఇన్ని దశలూ ఒకే ఊరి పనిలో కనిపిస్తాయి. కొనేవారు మారితే కళారూపం ఏమవుతుందనే ప్రశ్నను ఇక్కడ చేత్తో తడిమి చూడవచ్చు.

ఊరు, గుడ్డ

అలబామా నది మెలిక తిరిగిన చోట, మూడు వైపులా నీటి మధ్య ఉంటుంది ఈ ఊరు. 1816లో జోసఫ్ జీ అనే భూస్వామి ఇక్కడ పత్తి తోట వేశాడు. 1845లో అది మార్క్ పెట్‌వే చేతికి వచ్చింది. బానిసలకు యజమాని ఇంటిపేరే అంటుకుంది. ఈ పాఠంలో ‘పెట్‌వే’ పదేపదే కనిపించటానికి కారణం అదే. అంతమాత్రాన అందరూ దగ్గరి చుట్టాలనుకోకండి. బానిసత్వం పోయాక కూడా వాళ్ళు అదే నేలమీద పాలికి సేద్యం చేశారు. 1932లో, అప్పులిచ్చిన వర్తకుడు పోయిన తరువాత, బాకీల కింద సుమారు అరవై కుటుంబాల పశువులు, పనిముట్లు, గింజలు అన్నీ పట్టుకుపోయారు. తరువాత ప్రభుత్వం ఆదుకుంది. 1937లో ఆర్థర్ రోత్‌స్టీన్ ఆ ఊళ్ళో తీసిన ఫొటోలు నేటికీ ఉన్నాయి. దొరికితే చూడండి.

చలికి తట్టుకోని దుంగల ఇళ్ళు. గోడల సందుల్లోంచి గాలి. ఉన్న గుడ్డ ఏదీ పారేసే స్థితి లేదు. పిండి సంచులు, ఎరువుల సంచులు, చినిగిన పంట్లాలు, చొక్కా తోకలు అన్నీ క్విల్టుకే వెళ్ళేవి. క్విల్టుకు మూడు పొరలుంటాయి. ముక్కలు కలిపి కుట్టిన పై పొర, మధ్యలో దూది, అడుగున ఒక గుడ్డ. ఈ మూడింటినీ పట్టి ఉంచేలా సూదిని పైకీ కిందికీ పోనిస్తూ వరుసలుగా కుడతారు. మన ఇళ్ళలో పాత చీరలూ పంచెలూ పొరలుగా పరిచి కుట్టే బొంతకూ దీనికీ పద్ధతిలో దగ్గరి పోలిక ఉంది. మన బొంతల్లో దూది ఉండటం తక్కువ, అంతే.

1942 నాటి ఒక క్విల్టు

మిస్సూరీ పెట్‌వే 1942లో కుట్టిన క్విల్టును కొంచెం ఎక్కువసేపు చూద్దాం. పొడవు 90 అంగుళాలు, వెడల్పు 69. భర్త చనిపోయాక ఆయన పొలం పనికి వేసుకున్న బట్టలను ఆమె విప్పి, కత్తిరించి, దీన్ని కుట్టింది. కూతురు అర్లోంజియా తల్లికి సాయపడింది. చాలా ఏళ్ళ తరువాత ఈ సంగతి చెప్పింది ఆవిడే. ఆయనను తలుచుకోవటానికి, ఆయన ప్రేమను కప్పుకుని పడుకోవటానికి కుడుతున్నానని తల్లి అన్నదట.

ఇక్కడ మీరు గమనించవలసింది కథను కాదు. ఆ కథ తెలిశాక ఎవరికైనా కళ్ళు చెమర్చుతాయి. విమర్శకుడు అక్కడ ఆగిపోతే బొంతను చూడనట్టే. ముక్కల కొలతలు చూడండి. పంట్లాం కాలు ఎంత పొడవుంటే పట్టీ అంత పొడవు. పని బట్టలతో చేసిన క్విల్టుల్లో మోకాలి దగ్గర గుడ్డ వెలిసి తెల్లబడి ఉంటుంది. జేబు ఊడదీసిన చోట ఎండ తగలని ముదురు రంగు మిగిలి ఉంటుంది. కుట్టే మనిషి ఈ మచ్చలను దాచదు. ఒక వెలిసిన మోకాలు ఎక్కడ పడాలో, దాని పక్కన ఏ ముదురు పట్టీ రావాలో చూసుకుని పెడుతుంది. వస్తువు, శిల్పం అని మనం సాహిత్యంలో విడదీసి చెప్పుకునే రెండూ ఇక్కడ ఒకే గుడ్డముక్కలో ఉన్నాయి. పోయిన మనిషి దేహం కొలతలే రచనకు కొలతలయ్యాయి. స్మృతికావ్యాలు మనకు చాలా ఉన్నాయి. దుఃఖాన్ని ఇంత నిగ్రహంగా పట్టుకున్నవి వాటిలో ఎన్నని అడిగితే నేను వెంటనే జాబితా చెప్పలేను.

దీని పక్కన లోరెట్టా పెట్‌వే క్విల్టును పెట్టి చూడాలి. 1965 ప్రాంతంలో ఆమె కుట్టిన ఒకటి ‘లేజీ గ్యాల్’ అనే పేరున్న నమూనాలోనిది. నిలువు పట్టీలు వరసగా కుట్టటమే. సోమరి పిల్ల కూడా కుట్టగలదని ఆ పేరు. తనకు కుట్టుపని ఇష్టం లేదని, పిల్లలకు చలి కాబట్టి కుట్టానని లోరెట్టా దాపరికం లేకుండా చెప్పింది. ప్రేమతో చేసిన పనే కళ అవుతుందని మనం అలవాటుగా అనే మాటకు ఆమె పట్టీలు అడ్డుపడతాయి. ఆ పట్టీల వెడల్పుల్లో ఉన్న లయ చూస్తే, ఇష్టం లేకపోయినా ఆమె కన్ను ఊరుకోలేదని తెలుస్తుంది.

వంకరకు జవాబు

ఆ ఊళ్ళో బాగా వాడుకలో ఉన్న నమూనా ‘హౌస్‌టాప్’. మధ్యలో ఒక చదరం, దాని చుట్టూ పట్టీలతో మరో చదరం, మళ్ళీ దాని చుట్టూ ఇంకొకటి. పైనుంచి చూసిన ఇంటికప్పులా ఉంటుంది. నియమం ఇంతే. అయితే ఎవరి హౌస్‌టాప్ వాళ్ళది. నడిమి చదరం పక్కకు జరుగుతుంది, ఒకవైపు పట్టీ ఉబ్బుతుంది, ఉన్నట్టుండి ఒక మూలన ఎర్రగుడ్డ తగులుతుంది. నమూనాను పట్టించుకోకుండా కుట్టినదాన్ని వాళ్ళు ‘నా తీరు’ అంటారు. కర్ణాటక సంగీతం వినేవారికి దీన్ని వివరించనక్కరలేదు: రాగం అందరిదీ, మనోధర్మం పాడేవారిది.

అయితే వంకరగా ఉన్న ప్రతి గీతా మనోధర్మమేనా? కొన్ని తొందరలో జరిగినవీ, గుడ్డ చాలక జరిగినవీ ఉంటాయి. ఆ ఊరి పనిని మెచ్చుకునేవారు ఈ ప్రశ్నను దాటవేస్తారు. అది నాకు నచ్చదు. తేడా పట్టటానికి నేను తరగతిలో చెబుతూ వచ్చిన పద్ధతి ఇది. వంకర కనిపించిన చోట వేలుపెట్టండి. తరువాతి పట్టీ దాన్ని పట్టించుకుందా చూడండి. ఒకవైపు సన్నబడిన పట్టీకి ఎదురువైపు వెడల్పుగా సమాధానం వచ్చిందా? ఒంటరిగా పడిన ఎరుపు మరోచోట చిన్నగానైనా మళ్ళీ పలికిందా? పలికితే ఆ మనిషి దాన్ని చూసింది, ఒప్పుకుంది, కూర్పులో చేర్చుకుంది. పలకకపోతే అది వట్టి అతుకే. నవలలో ఒక పాత్ర హఠాత్తుగా చొరబడినప్పుడు కూడా మీరు ఇదే పరీక్ష పెట్టవచ్చు.

దుకాణం అడిగినది

1966లో ఈ ప్రాంతపు స్త్రీలు ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న రోజులు. అంతకుముందు ఏడాది మార్టిన్ లూథర్ కింగ్ ఈ ఊరికి వచ్చి వెళ్ళాడు. ఓటు నమోదుకు నది దాటి వెళ్ళకుండా 1962లోనే పడవ సర్వీసు ఆపేశారు. అది మళ్ళీ నడిచింది 2006లో. ఫ్రాన్సిస్ వాల్టర్ అనే క్రైస్తవ మతాచార్యుడు తోడ్పడ్డాడు, ఎస్టెల్ విదర్‌స్పూన్ సంఘాన్ని నడిపించింది. న్యూయార్క్‌లోని పెద్ద దుకాణాలు కొనసాగాయి.

దుకాణానికి కావలసినది ఒకే కొలత, ఒకే నమూనా, ఒకేలాంటి కుట్టు. క్యాటలాగులో బొమ్మ చూసి ఆర్డరిచ్చినవారికి అచ్చం అదే రావాలి కదా. 1972లో సియర్స్ సంస్థ కార్డురాయ్ దిండు గలీబుల ఆర్డరిచ్చింది. అన్నీ ఒకేలా ఉండాలి. ‘నా తీరు’కు అక్కడ చోటు లేదు. ఈ దశను కళ చచ్చిపోయిన కాలంగా రాసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. చాలామంది స్త్రీలకు చేతికి కూలి డబ్బు వచ్చింది ఆ పనితోనే. ఆకలి తెలియనివారు మాత్రమే దాన్ని తేలిక చేయగలరు.

పైగా జరిగినదేమిటి? గలీబులు కత్తిరించగా మిగిలిన కార్డురాయ్ ముక్కలు ఇళ్ళకు చేరాయి. అది చారలున్న మందపాటి గుడ్డ. చిన్న ముక్కలుగా కుట్టాలంటే సూది దిగదు. కాబట్టి ముక్కలు పెద్దవయ్యాయి, రంగులు గట్టిగా పలికాయి. ఆ ఊరి క్విల్టుల్లో అన్నిటికన్నా ధీమాగా నిలిచేవి కొన్ని ఆ మిగులు గుడ్డతో చేసినవే. అనీ మే యంగ్ 1976లో కుట్టినదానిలో నడుమ ఎరుపు, పసుపు రంగుల కార్డురాయ్ పట్టీలు, చుట్టూ వెలిసిన పని బట్టల నీలం. నాకు వీటన్నిటిలోకీ ఇది ఇష్టం. దుకాణానికి వెళ్ళిన గలీబులను ఇవాళ ఎవరూ వెతకరు. దుకాణం వద్దన్న పేలికలతో చేసినది మాత్రం నిలిచింది.

గోడమీద, ఆపై సొంత అంగడిలో

2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో, ఆ తరువాత న్యూయార్క్‌లోని విట్నీలో ఈ క్విల్టుల ప్రదర్శన జరిగింది. పత్రికలు ఆకాశానికెత్తాయి. మతీస్, పాల్ క్లే వంటి చిత్రకారుల పేర్లు తెచ్చి పోల్చాయి. ఫలానాకవి ఆంధ్ర షెల్లీ, ఫలానా ఆయన ఆంధ్ర స్కాట్ అనే వరస ఇదే. తెలియనిదానికి తెలిసిన పెద్దపేరు తగిలిస్తే చూసే శ్రమ తప్పుతుంది. గోడకు వేలాడదీసినప్పుడు బరువు కనపడదు, అడుగు పొర కనపడదు, కప్పుకున్నప్పుడు ఏ అంచు గడ్డం కిందికి వస్తుందో తెలియదు. అయినా మ్యూజియం ఒక మేలు చేసింది. ప్రతి క్విల్టు పక్కనా కుట్టిన మనిషి పేరు రాసింది. 2006లో తపాలా బిళ్ళలు వచ్చాయి. 2007లో అనీ మే యంగ్, లోరెట్టా పెట్‌వే సహా ముగ్గురు స్త్రీలు తమకు రావలసినది రాలేదంటూ కోర్టుకు వెళ్ళారు. 2008లో ఆ వ్యాజ్యాలు పరిష్కారమయ్యాయి. పేరు గోడకెక్కటం ఒకటి, ఆ పేరుమీద వచ్చే డబ్బు ఇంటికి చేరటం మరొకటి.

2021లో ఈ ఊరి క్విల్టర్లు తొమ్మిదిమంది ‘ఎట్సీ’ అనే ఆన్‌లైన్ అంగడిలో ఎవరికి వారు దుకాణాలు తెరిచారు. 2022 నుంచి ఊళ్ళో క్విల్టులను తీగలమీద ఎండేసి పండుగ చేస్తున్నారు. చలికాలం పోయాక క్విల్టులను ఎండలో వేసే పాత అలవాటు నుంచి వచ్చినది అది. ఇప్పుడు ధర నిర్ణయించేదీ, ఈ వారం ఏం కుట్టాలో నిర్ణయించేదీ ఒకే మనిషి. ఇది మేలు. కానీ విమర్శకుడికి ఇక్కడో కొత్త చిక్కు ఉంది. కొనేవాళ్ళు ఇప్పుడు ‘జీస్ బెండ్‌లా’ ఉండాలని కోరతారు. వంకరే ఆర్డరవుతుంది. 1972లో తిన్నని గీత అడిగిన దుకాణం ఎంత ఒత్తిడి పెట్టిందో, వంకర గీత అడిగే కొనుగోలుదారు అంతే పెట్టగలడు. ఆ దుకాణాల్లోని ఏ క్విల్టునైనా చూసేటప్పుడు పైన చెప్పిన పరీక్షే వాడండి: వంకరకు జవాబుందా, లేక వంకరను ముద్రలా వేశారా?

అభ్యాసం

మీ ఇంట్లోనో పొరుగింట్లోనో పాత బొంత ఒకటి అడిగి తీసుకోండి. గంగిరెద్దు మీద కప్పే బొంతైనా సరే, ఆడించేవారు ఒప్పుకుంటే. పగటి వెలుతురులో నేలమీద పరచండి. ముక్కలు ఎన్ని, ఏ బట్టలవి, చీర అంచులను ఎక్కడ వాడారు, దబ్బనంతో కుట్టారా సన్న సూదితోనా రాసుకోండి. తిరగేసి అడుగు పొర కూడా చూడండి. కుట్టిన ఆవిడ ఉంటే, ఏ ముక్క ముందు పెట్టారో, ఏది పెట్టి మళ్ళీ తీసేశారో అడగండి. రెండు పుటలకు మించకుండా రాసి, ఆవిడ పేరు పైన రాసి, సంపర్క తరగతికి తీసుకురండి. వీలైతే బొంతను కూడా.