రాజు ధరించిందీ, రైతు ధరించిందీ

యూరప్ పునరుజ్జీవన యుగపు చిత్రకళ మీద వెలువడే గ్రంథాల్లో తరచు ఒక వింత మౌనం కనిపిస్తుంది. ముఖంలోని భావం గురించి, వెలుగునీడల గురించి, దూరాన్ని చూపించే లెక్కల గురించి పేజీలకు పేజీలు వ్రాస్తారు. కాని 16వ శతాబ్దపు రాజుల, సేనానుల రూపచిత్రాల్లో నట్టనడుమ, తొడల సంధిన పొడుచుకు వచ్చి నిలబడివుండే తొడుగు గురించి మాత్రం పెదవి కదపరు. దాన్ని ఆంగ్లంలో కాడ్‌పీస్ అంటారు. ‘కాడ్’ అంటే పాత ఆంగ్లంలో సంచి. చూచి నవ్వుకొనేవారు నవ్వుకొంటారు, సిగ్గుపడేవారు పేజీ త్రిప్పుతారు. ఈ రెండూ విమర్శ కావు. మనిషి కట్టే ప్రతి బట్ట వెనుకా ఒక సమాజం వుంటుందని నమ్మేవారు దీన్ని కూడా చదవవలసిందే.

ముందు వస్తువు సంగతి చూద్దాం. ఇది కాముకతలోంచి పుట్టలేదు. దర్జీ అవసరంలోంచి పుట్టింది. ఆ కాలంలో మగవారు రెండు కాళ్లకూ రెండు విడివిడి తొడుగులు వేసుకొని, వాటిని బొందులతో పైకోటుకు కట్టుకొనేవారు. కోటు పొడుగ్గా వున్నంతకాలం ఇబ్బంది లేదు. 14, 15 శతాబ్దాల్లో కులీనుల ఫ్యాషన్ మారి కోటు అంచు పైకి ప్రాకింది. నడుమ ఖాళీ బయటపడింది. దాన్ని కప్పడానికి ముక్కోణపు గుడ్డముక్క ఒకటి బొందులతో బిగించారు. మొదట జరిగింది అంతే.

కాని గుడ్డముక్క కూడా చట్టం కంట పడక మానదు. 1463లో ఇంగ్లండు పార్లమెంటు ఒక శాసనం చేసింది. ప్రభువు హోదాకు తక్కువైన వాడెవడూ మర్మస్థానాన్నీ, పిరుదులనూ కప్పనంత పొట్టి కోటు తొడగరాదు, తొడిగితే జరిమానా. జాగ్రత్తగా గమనించండి, ఈ నిషేధం ప్రభువుకు వర్తించదు. ఒకే శరీరం, ఒకే కోటు. ఒకడి విషయంలో అశ్లీలం, మరొకడి విషయంలో హోదా. పాలకవర్గపు నీతికి ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానం వెతికినా దొరకదు.

ఈ తొడుగు పెరగడానికి సవాయి రోగమే కారణమనీ, 1495లో నేపుల్స్ నుంచి ఆ జబ్బు యూరప్ అంతటా వ్యాపించగా మందుకట్లను దాచడానికి మగవారు దీన్ని ఆశ్రయించారనీ ఒక వాదం వుంది. నాకు ఇది నిలిచే వాదంగా తోచదు. ముక్క అంతకు ముందే వుంది. పైగా, రోగం దాచుకోవలసినవాడు దానికి పట్టూ జరీ కుట్టించి నలుగురి చూపూ అక్కడికే లాగడు. లోపల కూరుపెట్టి, గట్టిపరచి, పైకి నిలబెట్టిన ఆ వస్తువు దాచడానికి పుట్టి చూపడానికి పెరిగింది. ఎవరికి, ఏమి చూపడానికి అన్నదే ప్రశ్న.

జవాబు హోల్బైన్ చిత్రంలో వుంది. 1537లో అతను లండన్‌లోని వైట్‌హాల్ ప్రాసాదం గోడ మీద ఎనిమిదవ హెన్రీని, అతని భార్యను, తల్లిదండ్రులను చిత్రించాడు. 1698లో ప్రాసాదం తగలబడి ఆ గోడ నశించింది. అయినా హోల్బైన్ సన్నాహచిత్రంలో ఒక భాగమూ, తరువాతివారు వ్రాసిన నకళ్లూ మిగిలాయి. హెన్రీ కాళ్లు ఎడంగా చాపి నిలబడతాడు, భుజాలు గోడంత, కోటు అంచుల నడుమ నుంచి కాడ్‌పీస్ ముందుకు వస్తుంది. అప్పటికి అతను పోపును ధిక్కరించి మూడేళ్లయింది. మఠాల భూములు కాజేస్తున్నాడు. 1536లో ఉత్తరాది ప్రజలు తిరగబడ్డారు. ఆ ఏడే రెండవ భార్య ఆన్ బొలీన్ తల తీయించాడు. సింహాసనానికి కొడుకు ఇంకా పుట్టలేదు. ఇన్ని అనుమానాల నడుమ రాజ్యానికి వారసుడున్నాడని, వుంటాడని గోడ చెప్పాలి. ఆ గుడ్డ చెబుతున్నది అదే. అదే గోడ మీద మూడవ భార్య జేన్ సేమూర్ చేతులు ముడుచుకొని నిలబడివుంది. ఆ అక్టోబరులో ఆమె కొడుకును కని, పన్నెండు రోజులకు మరణించింది. రాజు పౌరుషానికి మూల్యం చెల్లించింది ఆమె.

ఇటలీలోనూ ఇదే భాష. బ్రాంజీనో 1532 ప్రాంతంలో చిత్రించిన గ్విడోబాల్డో డెల్లా రొవేరె నల్లని ఉక్కు కవచం తొడిగివుంటాడు. ఆ నలుపులోంచి కాడ్‌పీస్ ఎర్రగా కనిపిస్తుంది. 1540లో గ్రీనిచ్ కార్ఖానాలో హెన్రీకి చేసిన కవచానికి ఆ భాగాన్ని ఉక్కుతోనే పోతపోసినంత భారీగా మలిచారు. అది లండన్ టవర్‌లో వుంది. రాజ్యమంటే సాయుధమైన మగతనమని, దాని ముందు తక్కినవారందరూ తలవంచవలసినవారేనని ఇంతకంటె బాహాటంగా చెప్పడం కష్టం.

కాని కథ ఇక్కడ ఆపితే సగమే చెప్పినట్టు. 1534లో రాబ్లే తన రాక్షస శిశువు గర్గాంటువాకు కాడ్‌పీస్ కుట్టించడానికి బోలెడంత గుడ్డా, మరకతాలూ ఖర్చు పెట్టించాడు. 1546లో పనూర్జ్ అనే పాత్రచేత, యోధుడి కవచంలో మొదటి ముక్క ఇదేనని వాదింపజేశాడు. ప్రభువులు గంభీరంగా ధరించినదాన్ని నవ్వుతో ఉబ్బించి పేల్చివేశాడు. 1965లో మాస్కోలో వెలువడిన గ్రంథంలో బహ్తిన్ ఈ నవ్వును ప్రజల ఉత్సవపు నవ్వుగా, అధికారాన్ని తలక్రిందులు చేసే నవ్వుగా గుర్తించాడు. ఇది గొప్ప మాట. అయినా ఒక సందేహం నాకు మిగిలేవుంది: ఆ నవ్వులో స్త్రీ చేరుతున్నదా, లేక ఆమె మీదనే నవ్వుతున్నారా? రాబ్లే పుటల్లో రెండవది తక్కువేమీ కాదు.

ఈ సందేహాన్ని కొంత తీర్చగలిగినవాడు బ్రూగెల్. అతని ‘పెళ్లి నాట్యం’ 1566 నాటిది. ఇప్పుడు డెట్రాయిట్ మ్యూజియంలో వుంది. పల్లెటూరి పెళ్లిలో రైతులు చిందులు వేస్తున్నారు. ముందు వరుసలోని మగవారి కాడ్‌పీస్‌లు ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. వీరు నిలబడి లేరు, కదులుతున్నారు. ఒంటరిగా లేరు, గుంపుగా వున్నారు. స్త్రీలు ప్రక్కన చేతులు కట్టుకొని వుండరు. అదే ఊపుతో, అదే వలయంలో ఆడుతున్నారు. హెన్రీ ఒంటి మీద ఆజ్ఞగా వున్న వస్తువు ఇక్కడ ఒంట్లోని ఉత్సాహమైంది. ఈ చిత్రం తిరుగుబాటు చిత్రమని నేననను. రైతుల మోటుతనాన్ని చూచి పట్నవాసులు నవ్వుకోవడానికే వ్రాశాడనే వాదానికీ బలం వుంది. ఏదైనా, తరువాతి కాలంలో ఎవరో ఆ రైతుల కాడ్‌పీస్‌ల మీద రంగు పూసి కప్పేశారు. 20వ శతాబ్దంలో శుభ్రం చేసినప్పుడు గాని అవి మళ్లీ బయటపడలేదు.

అభ్యుదయ విమర్శకులకు ఇందులో పాఠం వుంది. భూస్వామ్య అశ్లీలమని ఒక్క మాటతో కొట్టివేస్తే మనమూ ఆ రంగు పూసినవారి సరసనే చేరుతాం. శరీరం కనబడిన ప్రతిచోటా స్వేచ్ఛ వుందని ఉప్పొంగిపోతే, జేన్ సేమూర్‌ను మరచిపోతాం. వస్తువు ఒకటే కావచ్చు. ఎవరి ఒంటి మీద వుంది, ఎవరి ముందు నిలిచింది, ఎవరి ఖర్చుతో నిలిచింది అని అడిగితేనే దాని అర్థం తేలుతుంది.

శతాబ్దం ముగిసేనాటికి కాడ్‌పీస్ మూలబడింది. మోంటేన్ దాన్ని తాతల కాలపు వెర్రిగా వెక్కిరించాడు. అధికారం మాత్రం మూలబడలేదు. వేరే దుస్తులు కుట్టించుకొంది. కుట్టినవాడెవడు? మోరోనీ 1565, 1570 సంవత్సరాల నడుమ చిత్రించిన దర్జీ బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో వుంది. చేతిలో కత్తెర, బల్ల మీద సుద్దగీతలు గీసిన నల్లగుడ్డ. పని నడుమ తలయెత్తి మనవైపు చూస్తున్నాడు. ప్రభువులకు మాత్రమే తగుననుకొన్న రూపచిత్రంలోకి ఒక చేతిపనివాడు తన పనిముట్టుతోనే ప్రవేశించాడు. ఆ యుగం మనకు మిగిల్చిన ఆస్తిలో హెన్రీ భంగిమ కంటె ఈ చూపు విలువైనదని నా విశ్వాసం.